చిన్న కొలతలో విస్తారమైన రుచి: అమెరికా క్రాఫ్ట్ బీరును పొదుపుగా తెలుసుకోవడం

1970ల చివరలో అమెరికా అంతటా వందలోపే మిగిలిన బీరు తయారీ కంపెనీల సంఖ్య 2023 నాటికి 9,000 దాటింది. ఈ విస్తరణకు పునాది వేసిన పరిణామాల్లో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది, 1976లో జాక్ మెకాలిఫ్ కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో పాడి పరిశ్రమకు చెందిన పాత సామగ్రిని మలచుకొని న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీని, అంటే బీరు తయారీ కేంద్రాన్ని, నెలకొల్పడం. రెండవది, 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడం ఫెడరల్ ప్రభుత్వ దృష్టిలో నేరం కాకుండా పోవడం. అలా ఇళ్లలో చేయి తిరిగినవారిలో పలువురు తరువాతి కాలంలో బ్రూవరీలు పెట్టుకున్నారు. స్వతంత్రంగా నడిచే ఇటువంటి బ్రూవరీలు పరిమిత స్థాయిలో తయారుచేసే బీరునే క్రాఫ్ట్ బీరు అంటారు.

వైవిధ్యం ఇంతగా పెరిగినప్పటికీ దాని వెల మాత్రం సాధారణ వినియోగదారుకు బరువుగానే ఉంటుంది. ఏడాదికి తొలి 60,000 బ్యారెళ్లపై, అంటే ఒక్కొక్కటి సుమారు 117 లీటర్లు పట్టే పీపాలపై, చిన్న బ్రూవరీలు బ్యారెల్‌కు 3.50 డాలర్ల తగ్గింపు ఫెడరల్ సుంకం మాత్రమే చెల్లిస్తాయి. అయితే తక్కువ పరిమాణంలో కొనే ముడిసరుకు, ఎక్కువగా పట్టే మానవశ్రమ, ఒక్కో రకాన్ని కొద్దికొద్దిగా తయారుచేయవలసి రావడం వంటి కారణాల వల్ల ఆ వెసులుబాటు చాలావరకు కరిగిపోతుంది. దీనికి తోడు, మద్యనిషేధం 1933లో తొలగిన తరువాత అధిక రాష్ట్రాల్లో నెలకొన్న మూడంచెల విధానం ప్రకారం తయారీదారు పంపిణీదారుకు, పంపిణీదారు దుకాణానికి సరుకు అమ్మవలసి ఉంటుంది గనుక, ప్రతి అంచెలోనూ చేరే లాభం చివరికి కొనుగోలుదారు మీదే పడుతుంది.

ఈ పరిస్థితిలో చవక బీరు కోసం వెతకడం కన్నా చిన్న కొలత కోసం వెతకడమే తెలివైన పొదుపు. ఒక బీరు వాసన, చేదు, తీపి, చిక్కదనం, మింగిన తరువాత నాలుక మీద మిగిలే రుచి తొలి వంద మిల్లీలీటర్లలోనే దాదాపు పూర్తిగా తెలిసిపోతాయి. ఆపైన తాగే ప్రతి గుక్కకూ ఖర్చు అంతే పెరుగుతుంది గాని ఎరుక అంతగా పెరగదు. అమెరికా బ్రూవరీలకు అనుబంధంగా ఉండే ట్యాప్‌రూముల్లో, అంటే పీపాల నుంచి నేరుగా బీరు వంచి అందించే గదుల్లో, చిన్న గ్లాసులను వరుసగా చెక్కపలక మీద పేర్చి ఇచ్చే పద్ధతిని ఫ్లైట్ అంటారు. సాధారణంగా ఒక ఫ్లైట్‌లో నాలుగు గ్లాసులు, ఒక్కో గ్లాసులో 4 లేదా 5 ఔన్సుల బీరు ఉంటాయి. 5 ఔన్సులంటే సుమారు 148 మిల్లీలీటర్లు. ఔన్సు లెక్కన చూస్తే ఫ్లైట్ ధర తరచుగా 16 ఔన్సుల పైంట్ గ్లాసు ధర కన్నా ఎక్కువే; కానీ రుచి చూసిన రకం లెక్కన చూస్తే ఒక్కో బీరుకు పడేది పైంట్ వెలలో కొంత భాగమే. కొత్త రుచులు తెలుసుకోవాలనుకునేవారికి ఈ రెండవ లెక్కే సరైనది.

అయితే నాలుగు గ్లాసులను ఎలా ఎంచుకోవాలన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే పేర్లు వేరైనంత మాత్రాన రుచులు వేరు కావు. నాలుగూ ఐపీఏలే అయితే, అంటే హాప్స్ అనే తీగమొక్క పూలను అధికంగా వేసి చేసిన చేదైన, సువాసన గల బీర్లే అయితే, కొత్తవారికి వాటి మధ్య తేడా పట్టుబడటం కష్టం. బీరులో ప్రధాన దినుసులు మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీరు. వీటిలో మొదటి మూడు ఒక్కొక్కటిగా పైకి తేలే బీర్లను ఎంచుకుంటే ఒక్క పూటలోనే పునాది జ్ఞానం ఏర్పడుతుంది. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం, ముఖ్యంగా బార్లీ. నల్లగా వేయించిన బార్లీతో చేసే స్టౌట్‌లో కాఫీని, చాక్లెట్‌ను తలపించే రుచి ఆ వేయింపు వల్లనే వస్తుంది. హాప్స్ ప్రభావం తెలియాలంటే 1972లో ఒరెగాన్ పరిశోధకులు విడుదల చేసిన కాస్కేడ్ రకం హాప్స్ వాడిన పేల్ ఏల్ చక్కని ఉదాహరణ. అందులో పంపరపనసను పోలిన వాసన స్పష్టంగా తెలుస్తుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి పాత్రను హెఫెవైజెన్ అనే జర్మన్ తరహా గోధుమ బీరు చూపినంత తేటగా మరేదీ చూపదు. అందులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి గాని ఆ రెండూ దానిలో వేయరు. పులిసే సమయంలో ఈస్ట్ వాటిని పోలిన రసాయనాలను పుట్టిస్తుంది. నాలుగో గ్లాసుగా చల్లని ఉష్ణోగ్రతలో నిదానంగా పులియబెట్టే పిల్స్‌నర్‌ను తీసుకుంటే, ఏ దినుసూ మితిమీరని నిర్మలమైన రుచి మిగిలిన మూడింటికీ కొలబద్దగా ఉపయోగపడుతుంది. బీర్లను ఇలా శైలులుగా వర్గీకరించి చూడటాన్ని సామాన్య పాఠకుల వరకు చేర్చిన గ్రంథం, గాయకుడు కాని మరో మైకేల్ జాక్సన్ అనే బ్రిటిష్ రచయిత 1977లో ప్రచురించిన ‘ద వరల్డ్ గైడ్ టు బీర్’.

గ్లాసులను ఎంచుకున్నాక తాగే క్రమమూ ముఖ్యమే: తేలికైన బీరుతో మొదలుపెట్టి గాఢమైనదానితో, తక్కువ చేదుతో మొదలుపెట్టి ఎక్కువ చేదుతో ముగించాలి. క్రమం తలకిందులైతే తొలి గ్లాసులోని చేదు నాలుకను కప్పేసి తరువాతివాటిని చప్పగా చేస్తుంది. చిన్న గ్లాసులు కదా అని లెక్క మరవకూడదు. సగటున 7 శాతం ఆల్కహాల్ ఉన్న నాలుగు 5 ఔన్సుల గ్లాసులు అమెరికా ఆరోగ్య శాఖలు ప్రామాణిక పానీయంగా పరిగణించే 14 గ్రాముల ఆల్కహాల్‌కు రెండింతలకు మించినవే. ఆ దేశంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరు. తాగినవారు వాహనం నడపడం నేరం కూడా.

ఊరు, రాష్ట్రం మారితే పొదుపు మార్గాలూ మారతాయి. మసాచుసెట్స్ రాష్ట్రం హ్యాపీ అవర్‌ను, అంటే నిర్ణీత గంటల్లో మద్యం ధర తగ్గించి అమ్మే పద్ధతిని, 1984లోనే నిషేధించింది కాబట్టి అక్కడ ఆ దారి మూసుకుపోయింది. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం మాత్రం పరిమిత ఆదాయం గల బీరు ప్రియులకు ఎంతో అనుకూలం. బ్రూవరీలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం, నగరంలో రైళ్లు, బస్సులు నడవడం, రాష్ట్రంలో అమ్మకపు పన్ను లేకపోవడం, ఖాళీ సీసానూ క్యానునూ తిరిగి ఇస్తే ఒక్కొక్కదానికి 10 సెంట్ల డిపాజిట్టు చేతికి రావడం అక్కడి సౌకర్యాలు. బీరు ఉత్సవాల్లోనూ చిన్న కొలతల్లో అనేక రకాలు రుచి చూడవచ్చు. 1982లో కొలరాడోలో మొదలైన గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ఒక్కో వంపు 1 ఔన్సు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే. కానీ ప్రవేశ టికెట్టు ఖరీదును, ప్రయాణ వ్యయాన్ని కలిపి చూస్తే దూరం నుంచి వెళ్లేవారికి ఇది పొదుపు కాదని చెప్పక తప్పదు.

దుకాణంలో కొనేవారికి మేలైన దారి విడి క్యాన్ల ఎంపిక: ఒకే రకం ఆరు క్యాన్ల పెట్టెకు బదులు వేర్వేరు రకాలు ఆరు ఏరుకొని ఒకే ధరకు తీసుకునే ఏర్పాటు అనేక దుకాణాల్లో ఉంటుంది. పెద్ద సీసాల్లో వచ్చే 10 శాతం పైబడిన ఖరీదైన బీర్లను ఐదారుగురు మిత్రులు తలా ఒకటి తెచ్చి పంచుకోవడం ఆచారం. 650 మిల్లీలీటర్ల సీసా ఐదుగురికి 130 మిల్లీలీటర్ల చొప్పున సరిపోతుంది, ఒక సీసా ఖర్చుతో ఐదు రకాలు అందుతాయి. తగ్గింపు ధరకు పెట్టిన అర వద్ద మాత్రం తయారీ తేదీ చూడాలి. హాప్స్ సువాసన నెలల్లోనే వాడిపోతుంది గనుక పాతబడిన ఐపీఏ ఎంత చవకైనా నష్టమే. అదే బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ వంటి ఘాటైన బీర్లు చల్లని చీకటి చోట ఉంచితే ఏళ్లు గడిచినా నిలుస్తాయి, కొన్ని మెరుగుపడతాయి కూడా.

ఇంట్లో తయారుచేసుకోవడం ఒక్కో సీసా లెక్కన అన్నింటికన్నా చవకైనదే గాని, 5 గ్యాలన్ల విడతకు ఒకే రకం బీరు సుమారు 50 సీసాలు చేతికొస్తుంది కాబట్టి అది తనంతట తాను వైవిధ్యాన్ని ఇవ్వదు. ఈ లోటును క్లబ్బులు తీరుస్తాయి. 1974లో కాలిఫోర్నియాలో ఏర్పడిన మాల్టోస్ ఫాల్కన్స్ మొదలుకొని నేటి వందలాది సంఘాల వరకు సభ్యులు తాము చేసిన సీసాలను మార్చుకొని, ఒకరి బీరును మరొకరు రుచి చూసి, ఏ దినుసు ఎక్కడ దారితప్పిందో చర్చించుకుంటారు. అమ్మకానికి చట్టం అనుమతించని ఆ బీరు చేతులు మారేది కేవలం ఇచ్చిపుచ్చుకోవడం ద్వారానే.