గేర్లు లేవు, గుట్టూ లేదు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. కానీ దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో, తోపుడుబండికీ ట్రాలీ ఆటోకీ మధ్య సరుకు మోసే బండి ఇప్పటికీ మోపెడే. ముందు కాళ్ల దగ్గర బుట్ట, వెనక సీటు మీద మూట.

మన దేశంలో 1972లో లూనా మోపెడ్ వచ్చింది. 1980లో హోసూరు నుంచి, ఇద్దరు కూర్చునేలా టీవీఎస్ 50 వచ్చింది. దాని టూ స్ట్రోక్ ఇంజనులో వాల్వులు లేవు. పిస్టనే పైకీ కిందికీ ఆడుతూ సిలిండర్ గోడలోని రంధ్రాలను మూస్తుంది, తెరుస్తుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ కేసు గుండానే పోవాలి కనుక అక్కడ ఆయిల్ నిల్వ ఉంచే వీల్లేదు. అందుకే పెట్రోలులోనే టూటీ ఆయిల్ కలిపి పోయించుకునేవారు.

గేరు మార్చే పని లేదు, క్లచ్ నొక్కే పనీ లేదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు స్ప్రింగులు క్లచ్ షూలను లోపలికి పట్టి ఉంచుతాయి. యాక్సిలరేటర్ తిప్పితే, తిరునాళ్ల రంగులరాట్నంలో కుర్చీలు బయటికి ఎగసినట్టు, షూలు విచ్చుకుని చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి. బండి కదులుతుంది. ఇదే సెంట్రిఫ్యూగల్ క్లచ్.

ఆగిపోతే మెకానిక్ ముందు ప్లగ్ విప్పుతాడు. మసి పడితే గీకుతాడు, స్పార్క్ రాకపోతే వైరు చూస్తాడు, రెండూ బాగుంటే కార్బురేటర్ జెట్ ఊదుతాడు. రోగం చాలావరకు కంటికి కనిపించేదే. పాత బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కోరేది ఈ భరోసానే.

ఈ సులువుకు మూల్యం గాలి చెల్లించింది. టూ స్ట్రోక్‌లో కొత్త మిశ్రమం కొంత కాలకుండానే పొగతోపాటు సైలెన్సర్‌లోకి జారిపోతుంది. ఆయిల్ కూడా కాలి నీలిపొగ అవుతుంది. టీవీఎస్ తర్వాతి మోపెడ్ ఎక్స్‌ఎల్ 100 అందుకే ఫోర్ స్ట్రోక్ అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రావడంతో కార్బురేటరూ పోయింది. పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే పెట్రోలు, గాలి పాళ్లు కచ్చితంగా కుదరాలి. సన్నటి జెట్ రంధ్రానికి ఆ లెక్క చేతకాదు. సెన్సర్లు కొలిచి చెబితే, ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్కకట్టి ఇంజెక్టర్‌తో చిమ్మిస్తుంది. ఇప్పుడు లోపం పట్టాలంటే పానాతోపాటు స్కానర్ కూడా కావాలి. అది వీధి మెకానిక్ చేతికి అందినప్పుడే కొత్త బండి మీద పాత నమ్మకం కుదురుతుంది.

ఇన్ని మార్పుల్లోనూ ఎక్స్‌ఎల్ 100 సెంట్రిఫ్యూగల్ క్లచ్‌ను వదల్లేదు. పొగ పెట్టిన సులువు పోయింది, ఎవరికీ చెరుపు చేయని సులువు మిగిలింది.