సివిక్స్ చదువుకి స్థలం తాకట్టా?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, కూరలబ్బి దగ్గర నుంచి పేరంటం దాకా ఒకటే ప్రశ్న: "మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని. ఇంజనీరింగ్ అంటే తలూపుతారు. డాక్టరీ అంటే కళ్ళు పెద్దవి చేస్తారు. మా అమ్మాయి మాత్రం "పొలిటికల్ సైన్స్" అంది. మా అత్తగారు "దాన్ని ఎమ్మెల్యేగా నిలబెడతారా ఏమిటే?" అని నన్నడిగారు.

నాకు నవ్వొచ్చింది కానీ కాదనబుద్ధి కాలేదు. నేనూ ఇంటర్‌లో సి.ఇ.సి. చదివినదాన్నే. ప్రాథమిక హక్కులూ, ఆదేశిక సూత్రాలూ ఇప్పటికీ అప్పజెప్పగలను. ఆ తర్వాత పెళ్ళయింది, చదువు అటకెక్కింది. కాబట్టి కూతురు ఆ పుస్తకాలే పట్టుకుంటానంటే అడ్డుపడే మనసు నాకెక్కడిది?

చిక్కంతా కాలేజీ దగ్గరొచ్చింది. తనకి బెంగుళూరులో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి మూడు లక్షలు. అంటే మూడేళ్ళకి తొమ్మిది. మావారి మందుల షాపు మీద అంత మిగలదు. బ్యాంకుకి వెళ్ళాం. ఏడున్నర లక్షల వరకైతే తాకట్టు అక్కర్లేదట, ఆపైన కావాలట. తాకట్టు పెట్టడానికి మాకున్నదల్లా తెనాలి పొలిమేరలో నూట యాభై గజాల స్థలం. పసుపు కుంకుమల కింద మా నాన్న నాకిచ్చింది. మేనేజరుగారు కాగితాలు నావైపు జరిపారు. పెన్ను కూడా ఇచ్చారు. "ఇంటికెళ్ళి చూసుకుని తెస్తానండీ" అన్నాను. దారి పొడుగునా అమ్మాయి నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి వంటింటి పని ముగించుకుని పాల లెక్కల పుస్తకం తీశాను. మీరూ నాతోపాటు లెక్క వేయండి. బ్యాంకు చెప్పిన వడ్డీ నూటికి పదిన్నర. చదువు మూడేళ్ళూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. ఇది విని చాలామందిమి "అమ్మయ్య" అనుకుంటాం. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది. మొదటి ఏడాది తీసుకున్న మూడు లక్షల మీద నాలుగేళ్ళ వడ్డీ, రెండో మూడు లక్షల మీద మూడేళ్ళది, ఆఖరి దాని మీద రెండేళ్ళది. అన్నీ కలిపితే 2,83,500. అంటే మొదటి వాయిదా కట్టకముందే తొమ్మిది లక్షలు 11,83,500 అయింది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 16 వేలు. మొత్తం చెల్లించేది 19 లక్షల పైమాటే! వాయిదా తగ్గుతుంది కదా అని పదిహేనేళ్ళకి పెట్టించుకుంటే నెలకి 13 వేలు, మొత్తం ఇరవై మూడున్నర లక్షలు. కూడిక తప్పిందేమోనని మూడుసార్లు వేశాను.

ఇక సంపాదన సంగతి. మా పక్కింటి అబ్బాయి బి.ఏ. చేసి హైదరాబాదులో ఉద్యోగంలో చేరితే మొదటి జీతం 22 వేలు. గది అద్దే ఎనిమిది. మరి 16 వేల వాయిదా ఎక్కడి నుంచి కడతారు?

అలాగని ఇది కూటికి రాని చదువనుకోకండి. బి.ఎడ్. చేస్తే టీచరు కావచ్చు. మూడేళ్ళు లా చేస్తే వకీలు. ఎం.ఏ. చేసి నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే పరిశోధన చేస్తూనే నెలకి 37 వేలు ఇస్తారు, 2023 నుంచి పెంచారు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరు మూలవేతనమే 57,700. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ కూడా ఈ పాఠాలు పనికొస్తాయి. అయితే సివిల్స్‌ని నమ్ముకుని అప్పు చేయకూడదండీ. 2024 సివిల్స్ ప్రిలిమ్స్ ఐదు లక్షల పైచిలుకు మంది రాస్తే చివరికి ఎంపికైంది 1,009 మంది.

గమనించారా, వీటిలో ఏదీ బి.ఏ. అయిన మర్నాడు చేతికొచ్చేది కాదు. ఇంకో రెండేళ్ళో, మూడేళ్ళో, ఒక్కోసారి ఐదేళ్ళో పడుతుంది. ఇది మామిడి మొక్కలాంటి చదువు, అప్పు మాత్రం ఏడాది తిరగ్గానే కాయలు కోయమంటుంది. అప్పుడేమవుతుంది? పిల్ల ఎం.ఏ. మానేసి దొరికిన ఉద్యోగంలో చేరుతుంది. అంటే ఏ చదువు కోసం అప్పు చేశామో ఆ చదువునే ఆ అప్పు ఆపేస్తుంది. నన్ను భయపెట్టింది స్థలం పోవడం కన్నా ఇదే.

పుస్తకం అమ్మాయి ముందు పెట్టాను. "అక్కడైతే ఇంగ్లీషు వస్తుందమ్మా, పరిచయాలొస్తాయి" అంది. నిజమే, అది ఒప్పుకోవాలి. కానీ కౌటిల్యుడూ, రాజ్యాంగమూ గుంటూరులో ఒకటీ బెంగుళూరులో ఒకటీ ఉండవు కదా! నాలుగు రోజులు మూతి ముడుచుకుంది. ఐదో రోజు నా లెక్క కింద తనే పెన్సిల్‌తో ఇంకో లెక్క వేసింది.

ఇప్పుడు గుంటూరు ప్రభుత్వ మహిళా కళాశాలలో రెండో ఏడాది. రైలు పాసు మీద వెళ్ళొస్తుంది. బెంగుళూరు ఫీజుతో పోలిస్తే ఇక్కడ కట్టేది లెక్కలోకే రాదు. నెలకి నాలుగు వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాం. మూడేళ్ళకి లక్షా నలభై నాలుగు వేలూ, దానిమీద వడ్డీ. ఎం.ఏ.కి సెంట్రల్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాస్తానంటోంది. అప్పటికి అవసరమైతే చిన్న అప్పు చేస్తాం, కాదనను.

మీ ఇంట్లో అప్పు తప్పనిసరైతే ఒకటి రెండు సంగతులు. సంతకం పెట్టిన తల్లిదండ్రులూ అప్పుదార్లే, పిల్లలు కట్టకపోతే మనల్నే అడుగుతారు. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే అది అసలులో కలవదు, దీనికి కొన్ని బ్యాంకులు వడ్డీ కూడా కాస్త తగ్గిస్తాయి. ఎం.ఏ.లో చేరితే వాయిదాల గడువు పొడిగిస్తారా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన కాలేజీల్లో చేరేవారికి తాకట్టు లేకుండానే అప్పిస్తారు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి పది లక్షల అప్పు వరకూ చదువుకునే కాలంలో వడ్డీలో మూడు శాతం రాయితీ ఉంది. మీ పిల్ల చేరే కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే సంబరపడండి.

స్థలం కాగితాలు మళ్ళీ బీరువాలో పట్టుచీరల కిందకి చేరాయి. మొన్న ఆదివారం అమ్మాయి మా అత్తగారికి గవర్నరుకీ ముఖ్యమంత్రికీ తేడా ఏమిటో చెబుతోంది. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "అయితే జీతమెవరికెక్కువే?" అని అడిగారు.