యుద్ధవిమానముల ఛాయాచిత్రణము: నాడు, నేడు

రెండవ ప్రపంచయుద్ధకాలమున తాడేపల్లిగూడెములో బ్రిటిషువారు విమానములు దిగుటకు ఒక బాటను నిర్మించిరి. కాని నేడు ఎగురుచున్న యుద్ధవిమానమును దగ్గరగా చూడగోరు నల్లజర్ల విద్యార్థి దూరప్రయాణము చేయవలెను. 2022 డిసెంబరు 4వ తేదీని, నౌకాదళ దినోత్సవ సందర్భమున, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సమక్షమున విశాఖపట్నము రామకృష్ణా బీచి వద్ద నౌకాదళ విమానములు విన్యాసములు చేసినవి. 2024 మార్చి 18వ తేదీని అద్దంకి సమీపమున జాతీయ రహదారిపైననే నిర్మించిన 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు గల కాంక్రీటు బాటపై ఆంటనోవ్-32, డోర్నియర్ రవాణా విమానములు దిగి మరల లేచినవి. సుఖోయ్-30, హాక్ జెట్లు బాటను సమీపించి, దిగకుండ పైకెగసినవి.

ఇట్టి సమయములందు వేలకొలది చేతులు కెమెరాలను, ఫోనులను పైకెత్తును. కాని పెక్కు చిత్రములలో కనబడునది ఒక నల్లని చుక్క మాత్రమే. కారణమేమి?

హాక్ విమానము పొడవు సుమారు 12 మీటర్లు. అది 600 మీటర్ల దూరమున, సెకనుకు 150 మీటర్ల వేగముతో మన యెదుట అడ్డముగా సాగుచున్నదనుకొందము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము దూరములో పండ్రెండువేలవ వంతు. కనుక ఫిల్ముపై విమానము 1 మిల్లీమీటరు పొడవుననే పడును. 400 మిల్లీమీటర్ల కటకమైనచో 8 మిల్లీమీటర్లగును. చిత్రము పెద్దదైనది. కాని దానితోపాటు కదలికయు పెద్దదగును. సెకనులో వెయ్యవవంతు కాలములో విమానము 15 సెంటీమీటర్లు పోవును. ఫిల్ముపై దాని బింబము 0.1 మిల్లీమీటరు జరుగును. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై సుమారు 0.03 మిల్లీమీటరు దాటిన మసక కంటికి తెలియును. కెమెరాను కదలక పట్టినవానికి సెకనులో వెయ్యవవంతు షట్టరుతోనైనను చిత్రము చెదరుచున్నదన్నమాట.

దీనికి ఉపాయము కెమెరాను విమానముతోపాటు త్రిప్పుటయే. పై లెక్క ప్రకారము సెకనుకు సుమారు 14 డిగ్రీలు త్రిప్పవలెను. చేతి వేగములో పదవవంతు తేడా వచ్చినను మసక 0.01 మిల్లీమీటరుకు తగ్గును. ఈ అభ్యాసమునకు జెట్టు అక్కరలేదు. కొల్లేటి ఆటపాక వద్ద 60 మీటర్ల దూరమున సెకనుకు 15 మీటర్ల వేగముతో ఎగురు గూడబాతును అనుసరించుటకును సరిగా అంతే కోణవేగము కావలెను!

నాటి ఛాయాచిత్రకారునికి మరియొక చిక్కు కలదు. 64 వేగము గల కోడాక్రోం ఫిల్ముతో, నిండు ఎండలో సైతము, సెకనులో వెయ్యవవంతు షట్టరు వాడవలెనన్న కటకమును ఎఫ్/4 వరకు తెరవవలెను. అంత వెడల్పైన పొడుగు కటకము మిక్కిలి ఖరీదు. ఒక చుట్టలో 36 చిత్రములే. ఫిల్మును కడుగువరకు ఫలితము తెలియదు. తనంతట తాను నాభిని సరిచూచుకొను కెమెరాలు 1985లో మినోల్టా 7000 వచ్చిన తరువాతనే విరివిగా వ్యాపించినవి. నేటి కెమెరా కదలు విమానమును తానే వెంబడించుచు, సెకనుకు 10కి మించి చిత్రములు తీయగలదు. వెలుతురు తగ్గినచో గ్రాహకపు సున్నితత్వమును పెంచుకొనును.

అయినను యంత్రము తీర్పరి కాదు. ప్రొపెల్లరు నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచున్నచో, సెకనులో వెయ్యవవంతులో 9 డిగ్రీలే కదలును. అప్పుడది చిత్రములో ఆగిపోయినట్లు కనబడును. 125వ వంతు కాలమిచ్చినచో 72 డిగ్రీలు తిరిగి, రెక్కలు పరచుకొని, విమానము సజీవముగా తోచును. ప్రకాశించు ఆకాశమును చూచి కెమెరా మోసపోయి విమానమును నల్లగా చూపును. కనుక వెలుతురును కొంత పెంచవలెను. విశాఖ తీరము తూర్పుదిక్కుగా ఉన్నందున సాయంకాలపు ఎండ ప్రేక్షకుల వెనుకనుండి వచ్చి విమానములపై పడును. ఇది అనుకూలమే. కాని కాగిన కాంక్రీటుపై గాలి పొరలు వేర్వేరుగా వేడెక్కి కాంతిని అల్లల్లాడించును. ఆ కదలాటను ఏ కటకమును తొలగింపలేదు. ఉదయమే తీయుట మేలు.

దగ్గరకు పోయిన సరిపోదా? 2010 మార్చి 3వ తేదీని హైదరాబాదు బేగంపేటలో నౌకాదళపు సాగర్ పవన్ బృందమునకు చెందిన కిరణ్ విమానము విన్యాసము చేయుచు ఒక భవనముపై కూలి ఇద్దరు వైమానికులు మరణించిరి. ప్రేక్షకులను దూరముగ నిలుపుట ఇందుకే. ఆ దూరమును కటకముతో దాటవలెనే గాని కాళ్ళతో కాదు. బహిరంగ ప్రదర్శనలో అందరును చిత్రములు తీసికొందురు. కాని అనుమతి లేక రక్షణశాఖ విమానాశ్రయముల చిత్రములు తీయుట వేరు విషయము. అది 1923 నాటి అధికార రహస్యముల చట్టము పరిధిలోనికి రావచ్చును.

2025 సెప్టెంబరు 26వ తేదీని మిగ్-21 భారత వైమానికదళమునుండి విరమించినది. ఇక మన దళపు మిగ్-21 ఎగురుచుండగా తీసిన పాత చిత్రములే మిగిలినవి. వెనుక తేది, స్థలము, విమానపు సంఖ్య వ్రాసియున్న మసక చిత్రము చరిత్రకు పనికివచ్చును. ఏ వివరమును లేని వేయి స్పష్టచిత్రములు అంతగా పనికిరావు. ప్రదర్శనకు పోవు విద్యార్థి బయలుదేరుటకు ముందు కెమెరా గడియారమును సరిచేసికొని, జేబులో ఒక చిన్న పుస్తకమును ఉంచుకొనుట మంచిది.