ఉద్దెర లేని కొట్టు

శంకర్‌పల్లిలో మా మేనమామ ఏళ్ల తరబడి కిరాణా కొట్టు నడిపాడు. పొద్దున ఆరింటికి షట్టర్ లేపితే దించేసరికి రాత్రి పది. ఇప్పుడా షట్టర్ లేవడం లేదు. మిగిలిందల్లా ఉద్దెర ఖాతాల నోటుపుస్తకాలే. అందులో సగం పేర్లవాళ్లు ఊళ్లోనే ఉన్నారనుకోండి!

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఆయనకి ‘రెసెట్టియర్’ అనే వీడియోగేమ్ చూపించాను. కత్తి పట్టిన వీరుల ఆటలు బోలెడున్నాయి. ఆ వీరుడికి కత్తి అమ్మే కొట్టు సంగతి చెప్పే ఆట ఇది. జపాన్‌లో ఈజీగేమ్‌స్టేషన్ అనే చిన్న బృందం 2007లో తయారుచేసింది. కార్పే ఫుల్గర్ అనే మరో చిన్న సంస్థ ఇంగ్లిష్‌లోకి మార్చి 2010 సెప్టెంబరులో విడుదల చేస్తే, నెలల్లోనే లక్షకు పైగా అమ్ముడైంది.

కథ మన ఊళ్ల కథే. రెసెట్ అనే అమ్మాయి తండ్రి సాహసవీరుడినవుతానని అప్పుచేసి వెళ్లి, తిరిగి రాలేదు. అప్పు వసూలుకి ఫైనాన్స్ కంపెనీ టియర్ అనే చిన్న దేవకన్యను పంపుతుంది. ఆమె ఇల్లు జప్తు చెయ్యకుండా, ఇంట్లోనే కొట్టు పెట్టమంటుంది. బాకీ 8,20,000 పిక్స్. అది అక్కడి డబ్బు. మొదటి వారం కిస్తీ 10,000, తర్వాత 30,000, 80,000, 2 లక్షలు, చివరి వారం 5 లక్షలు. మామ కిస్తీలు వినగానే, “చివరిదే సంపుతది” అన్నాడు. నిజమే, చాలామంది బోల్తాపడేది అక్కడే. కట్టలేకపోతే పిల్ల వీధిన పడుతుంది. అయితే ఆట మళ్లీ మొదటి రోజుకి వెళ్తుంది, సరుకు మాత్రం మన దగ్గరే ఉంటుంది. మామకి అలాంటి రెండో అవకాశం ఎవరిచ్చారు!

సరుకు మార్కెట్లో కొనొచ్చు, లేదా లూయీ లాంటి వీరుడికి కూలి ఇచ్చి రాక్షసుల గుహల్లోకి వెళ్లి తెచ్చుకోవచ్చు. వీరుడు ఓడితే దొరికినవి చాలావరకు అక్కడే వదిలి రావాలి. పైగా గుహకి పోయినంతసేపూ కొట్టు మూతే. రోజుకి ఉండేవి నాలుగు పూటలే మరి.

అసలు మజా బేరంలో ఉంది. మనం ధర చెబుతాం. ఎక్కువైతే వాళ్లు మొహం మాడుస్తారు, మరీ లాగితే వెళ్లిపోతారు. మొదటి మాటకే ఒప్పుకునేలా చెబితే అనుభవం పాయింట్లు ఎక్కువొస్తాయి, వరసగా అలా అమ్మితే ఇంకా పెరుగుతాయి. అంటే గుంజడం కంటే మనిషిని చదవడమే లాభం. మామ రెండు రోజుల్లో నన్ను దాటేశాడు. గిరాకీ మొహం చూసి రేటు చెప్పడం ఆయనకి ఒకరు నేర్పాలా?

ఒక్కటే ఆయనకి మింగుడుపడలేదు.

“ఉద్దెర ఎక్కడ్రా?”

“లేదు మామా. అంతా నగదే.”

“గిదేం కొట్టు మరి?”

అంతలో ఓ చిన్నపాప వచ్చింది, చేతిలో డబ్బు తక్కువ. ధర తగ్గించొచ్చు గానీ, తర్వాత ఇస్తుందిలే అని రాసుకోవడానికి బటన్ లేదు. మామ కాసేపు చూసి, కొన్న ధరకంటే తక్కువకే ఇచ్చేశాడు. అలమరలో వెతికి ఓ నోటుపుస్తకం తీసి, పెన్ను అడిగాడు.