ఒక్కరమే ఉన్న ఆ కాసేపు

ఏ పనీ లేకుండా ఒంటరిగా కూర్చోవడం చాలామందికి చేతకాదు. 2014లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమొతీ విల్సన్ బృందం కొందరిని ఖాళీ గదిలో పావుగంట కూర్చోబెట్టింది. ఫోన్ లేదు, పుస్తకం లేదు. నొక్కితే షాక్ కొట్టే మీట మాత్రం ఉంది. అంతకుముందే దాని దెబ్బ రుచి చూసి, డబ్బిచ్చైనా తప్పించుకుంటామన్న వాళ్లలోనే 18 మంది మగవాళ్లకు 12 మంది, 24 మంది ఆడవాళ్లకు ఆరుగురు ఊరకుండలేక ఆ మీట నొక్కారు. అందుకే రోజూ కాసేపు మీతో మీరు గడపండన్న సలహా ఒక్కటే సరిపోదు. ఆ కాసేపూ చేతులు ఏం చేయాలో కూడా చెప్పాలి. జపాన్ వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఇదే. 16వ శతాబ్దపు తేనీటి గురువు సెన్ నో రిక్యూ పేరుతో ముడిపడిన తాయ్‌ఆన్ అనే తేనీటి గది రెండు చాపలంత. తలుపులోంచి వంగి దూరాలి. సమురాయ్ అయినా కత్తి బయట పెట్టే రావాలి. లోపల జరిగేదల్లా నీళ్లు కాచడం, గిన్నె తుడవడం, తేయాకు పొడి గిలక్కొట్టడం, మళ్లీ తుడిచి సర్దడం. మొదలూ చివరా తెలిసిన, తొందర లేని పని. మనసు ఆనుకోవడానికి ఆ మాత్రం చాలు.

ఇలాంటి పనులు మన పాలమూరు ప్రాంతానికి కొత్త కావు. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు పేకలనూ ప్రతి వరుసలోనూ చేత్తో కలుపుకుంటూ పోవాలి. మగ్గం మీద సాధారణంగా ఇద్దరుంటారు, అయినా ఎవరి ధ్యాస వాళ్ల చేతుల్లోనే. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేసే ఆ కాసేపే చాలామంది ఇల్లాళ్లకు రోజు మొత్తంలో ఎవరూ పిలవని సమయం. ఏకాంతానికి జపాన్ నుంచి గిన్నెలు తెప్పించుకోనక్కర్లేదు.

పాలమూరు వలసల్లో పిల్లలు పట్నానికో బొంబాయికో పోతే ఇళ్లల్లో మిగిలిన ముసలివాళ్లకు ఒంటరితనం ఆనందమని చెప్పడం క్రూరం కాదా? క్రూరమే. ఆచారాలకు పేరుపడ్డ జపానే 2021లో ఒంటరితనం గురించి పట్టించుకోవడానికి మంత్రిని నియమించింది. 2024 ఏప్రిల్ నుంచి చట్టమే అమల్లోకి తెచ్చింది. తలుపు తీస్తే పలకరించే మనిషి ఉన్నప్పుడే తలుపు వేసుకోవడం సుఖం. ఆ ముసలివాళ్లకు ముందు కావలసింది మనిషి.

అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది. మగ్గం కూలి పని, ముగ్గు ఇంటి చాకిరీ, వాటికి ధ్యానమని పేరు పెడితే బరువు తగ్గుతుందా? తగ్గదు. ఇవాళ మానేస్తే ఎవరూ నిలదీయని పనే ఏకాంతానికి పనికొస్తుంది. ముగ్గేయనందుకు మాట పడాల్సి వస్తే అది ఆమె సొంత సమయం కాదు. మగవాళ్లకు హోటల్ దగ్గరి చాయ్, రచ్చబండ, చెరువు గట్టు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇల్లాలికి ఆ అరగంట దొరకాలంటే దీపం, ధూపం, పూలకుండీ అని సలహాలిస్తే కాదు. అంతసేపూ పొయ్యి దగ్గర నిలబడాల్సింది ఇంట్లోని మిగతావాళ్లు.