4.5 సహాయ సేవలు మనసుకు మేలు చేస్తున్నాయా? - మూల్యాంకన పద్ధతి

4.5.1 తరువాత తగ్గడం, వల్ల తగ్గడం

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ వరదలు కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. ఇటువంటి విపత్తు తరువాత తొలి వారాల్లో చాలామందికి నిద్ర పట్టదు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడతారు. నెలలు గడిచేకొద్దీ ఎక్కువమందిలో ఈ లక్షణాలు వాటంతటవే తగ్గుతాయి. కాబట్టి "సేవ తరువాత తగ్గింది" అన్నంత మాత్రాన "సేవ వల్ల తగ్గింది" అని చెప్పలేం. ఈ తేడాను తేల్చడమే మూల్యాంకనం.

4.5.2 ఉదాహరణ

హింసకు గురైన మహిళలకు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట అందించే 'సఖి' కేంద్రాల పథకం 2015లో మొదలైంది. బనగానపల్లె మండల మహిళ జిల్లా కేంద్రమైన నంద్యాలకు పదేపదే వెళ్లడం కష్టం. కౌన్సెలరే నెలకొకసారి బనగానపల్లెకు వస్తే మేలు జరుగుతుందా? ఇదీ మన ప్రశ్న.

ఆశ్రయం, వైద్యం వంటి అత్యవసర సేవలను పోలిక కోసం ఎవరికీ ఆపకూడదు. అందువల్ల రెండు బృందాలకూ మామూలు సేవలు ఇచ్చి, ఒక బృందానికి మాత్రమే అదనపు కౌన్సెలింగ్ ఇస్తాం.

కొలవడానికి పి.సి.ఎల్-5 ప్రశ్నావళిని తీసుకుందాం. దీనిలో 20 ప్రశ్నలు, గరిష్ఠంగా 80 మార్కులు. మార్కులు పెరిగితే బాధ పెరిగినట్లు. ఊహాత్మకంగా, అదనపు సేవ పొందిన బృందం సగటు 46 నుంచి 34కు, రెండో బృందం సగటు 45 నుంచి 37కు తగ్గాయనుకోండి. తగ్గుదల 12, 8. అదనపు సేవకు ఆపాదించగలిగేది 12 కాదు, 4 మాత్రమే. అదీ అదనపు సేవ లేకపోతే రెండు బృందాల్లోనూ తగ్గుదల ఒకేలా ఉండేదని భావించగలిగితేనే.

4.5.3 జాగ్రత్తలు

అ) మధ్యలో మానేసిన వారిని లెక్క నుంచి తీసేయకండి. ఇంట్లో అడ్డుకోవడం వల్ల రాలేనివారే ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చు.

ఆ) కొట్టేవాడు ఇంకా ఇంట్లోనే ఉంటే ఆమె భయం రోగలక్షణం కాదు, వాస్తవం. మార్కులతోపాటు భద్రతనూ విడిగా నమోదు చేయాలి.

ఇ) "దిగులుగా ఉందా?" అంటే లేదనే మనిషి "గుండె దడ, తల బరువు" అని చెప్పవచ్చు. ప్రశ్నలు స్థానికుల మాటలో ఉండాలి.

ఈ) ఏకాంతంలోనే అడగాలి. అవసరమైతే 181 మహిళా హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ నంబర్లు చెప్పాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలో రెండో బృందం లేకపోతే ఏ తప్పు నిర్ధారణకు వచ్చేవారు? దాని ఆధారంగా నిధులు కేటాయిస్తే నష్టపోయేది ఎవరు?