5 వేలల్లో డైనింగ్ రూమ్ కొత్తగా..

మా నల్గొండ ఇంట్లో డైనింగ్ టేబుల్ ఉంది గానీ, దాని దగ్గర తినేవాళ్లే లేరు. సగం నా ల్యాప్‌టాప్, సగం ఇస్త్రీ బట్టలు. మోకాళ్ల నొప్పితో అమ్మ మంచం మీద, నాన్న టీవీ ముందు, నేను ఫోన్ చూస్తూ.. ఎవరి ప్లేటు వాళ్లదే. దీన్ని మార్చాలనుకున్నా. బడ్జెట్ 5 వేలు.

ముందు టేబుల్ ఖాళీ చేశా. పైసా ఖర్చు లేదు, సగం అందం అక్కడే వచ్చింది! ఒక్క గోడకే లేత పసుపు రంగు, నేనే వేశా. తెల్ల ట్యూబ్‌లైట్ తీసేసి, టేబుల్ పైన పసుపు వెలుతురిచ్చే ఎల్‌ఈడీ బల్బు పెట్టా. మిగిలిన డబ్బుతో పోచంపల్లి ఇక్కత్ కాటన్ బెడ్‌షీట్ కొన్నా. సగం టేబుల్‌క్లాత్, సగం కిటికీ కర్టెన్. దాంతో వచ్చిన దిండు గలీబుల్లో పాత దూది కూరి అమ్మ కుర్చీకి మెత్తలు చేశాం.

కొనేటప్పుడు ఒకటి చూడండి. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది, తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. వెనక వెలిసినట్టుంటే చాలావరకు ప్రింటే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు వచ్చినా బజార్లో ప్రింట్లు తక్కువేం లేవు. నేనూ ఒకసారి మోసపోయినోణ్నే!

ఇప్పుడు రాత్రి తొమ్మిదైతే చాలు, అమ్మ మొదలుపెడుతది.. ‘‘ల్యాప్‌టాప్ తియ్‌రా, అన్నం గిన్నె పెట్టాలె.’’